రాజు ఎక్కడ పోయాడు, పండు ఎక్కడ మొదలైంది?

నాది కావలిలో బోర్డులు రాసే పని. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్‌కి పని తగ్గి, ఆదివారాలు పిల్లలకి బొమ్మలు నేర్పుతున్నా. పాత కార్టూన్ చూపిస్తే చాలు, "ఎవరు సార్ ఈయన?" అంటారు. ఎవరో తర్వాత, ముందు గీత చూడండి అంటాను.

దీనికి నేను వాడేది ఫిలిపోన్ అనే ఫ్రెంచి పత్రికాయన బొమ్మ. రాజు లూయీ ఫిలిప్‌ని ఎగతాళి చేశాడని కేసు పెడితే, 1831 నవంబర్‌లో పారిస్ కోర్టులోనే ఇంకుతో నాలుగు తలలు గీసి చూపించాడు. మొదటిది రాజు. నాలుగోది పియర్ పండు. పోలిక ఉంటేనే నేరమైతే పియర్ పండు గీసినవాడికీ శిక్ష వేయాలి కదా అని ఆయన వాదన. వాదన నిలవలేదు, 6 నెలల జైలు శిక్ష పడింది. ఫ్రెంచి వాడుకలో ఆ పండు పేరు వెర్రిబాగులోడికి తిట్టు కూడా.

బొమ్మని ఫోన్‌లో చూడొద్దు, కాగితం మీద ప్రింట్ తీయించండి. రంగు ముంచని సన్న బ్రష్‌తో మొదటి తల అంచు వెంబడి పోండి. నుదురు, కణత, చెంపల మీది జుట్టు, గడ్డం కింది మడత... చెయ్యి ఎన్నిసార్లు ఆగిందో లెక్క పెట్టుకోండి. ఇప్పుడు నాలుగోది. ఒక్క ఊపులో కిందికి జారి, చుట్టు తిరిగి పైకొచ్చేస్తుంది. ఆగిన చోటల్లా ఒక మనిషి గుర్తు ఉంది, ఫిలిపోన్ వాటిని ఒక్కొక్కటీ తీసేశాడు. వెక్కిరింత అంతా ఆ తీసేయడంలోనే ఉంది.

తర్వాత రెండు, మూడు తలల్ని కాగితంతో మూయండి. మిగిలేది ఉత్త తిట్టు. తెరవండి. రాజు ఏ తల దగ్గర పోయాడో చెప్పలేరు. నాలుగూ పక్కపక్కనే, పైన రెండు, కింద రెండు. వెనక సీను లేదు, కంటికి పక్కదారి లేదు.

మా పిల్లలకి పియర్ అంతగా తెలియదు. ఉలవపాడు సపోటా గుండ్రం, పనికిరాదు. మెడ సన్నంగా ఉన్న జామకాయ తెమ్మంటాను.

గడ్డం కింద గీత ఎంత పని చేస్తుందో నాకు అనుభవమే. ఒకసారి ఎలక్షన్లలో గోడ మీద ఒక నాయకుడి బొమ్మ వేస్తూ అక్కడ రెండు గీతలు ఎక్కువ లాగాను. ఆ గోడ డబ్బులు ఇప్పటికీ రాలేదు.

చెయ్యి అలవాటయ్యాక దోమియే అనే ఫ్రెంచి బొమ్మలాయన వేసిన 'గార్గాంటువా' (పాత ఫ్రెంచి కథలో తిండిపోతు రాకాసి పేరు) పట్టుకోండి. అది ఇంకు డ్రాయింగ్ కాదు, రాయి మీద గీసి తీసిన అచ్చు. ఏడాది అదే, రాజూ ఆయనే. నేల మీంచి రాజు నోటిదాకా ఏటవాలుగా ఒక పలక, దాని మీద డబ్బు బుట్టలు మోసుకెళ్ళే మనుషులు. పలకని స్కేలుతో మూస్తే కుర్చీలో ఉన్నది ఉత్త లావాటి మనిషే. దోమియేకీ 6 నెలల జైలే.

పోయిన వారం ఒక పిల్లాడు నా ముఖాన్నే నాలుగు మెట్లలో జామకాయ చేశాడు. చివరిదానికి కళ్ళజోడు ఉంచేశాడు. తీసెయ్యమన్నాను.

"తీసేస్తే మీరని తెలియదు సార్" అన్నాడు.

ఫిలిపోన్ బొమ్మ మళ్ళీ తీసి చూశాను. నాలుగోదాంట్లో ఆయనా కళ్ళూ నోరూ జాడగా ఉంచాడు.