ఎనామిల్ పూత ఇనుప గిన్నె కొనాలా? ముందు మీ పొయ్యి దగ్గర ఇబ్బందేంటో చూసుకోండి

సమస్య: ఇనుప బాండలిలో పులుసు నల్లబడుతోంది, ఇనుము రుచి తగులుతోంది

ఎనామిల్ గిన్నె కొనాలన్న ఆలోచన చాలా ఇళ్లలో ఇక్కడే మొదలవుతుంది. కడపలో మా ఇంట్లోనూ అంతే. పోత ఇనుము బాండలిలో పొద్దున గుత్తివంకాయ పులుసు పెట్టి, మధ్యాహ్నం మూత తీస్తే వంకాయలు బొగ్గుముక్కల్లా ఉన్నాయి. పారబోయడానికి మనసు రాక తిన్నాం కానీ, తుప్పుపట్టిన మేకు నాకినట్టుంది.

కారణం: నెలల తరబడి నూనె రాసి, కాల్చి తెచ్చుకున్న నల్లటి పొరను చింతపండు పులుపు తినేస్తుంది. ఆ తర్వాత ఇనుము పులుసులోకి దిగుతుంది. వంకాయలోని వగరు ఇనుముతో కలిస్తే నల్లరంగు తేలుతుంది. గోంగూర, టమోటా, చింతచిగురు ఏది వండినా ఇదే కథ.

పరిష్కారం: దీనికి మాత్రం ఎనామిల్ సరైన మందు. ఎనామిల్ అంటే గాజే. గాజుపొడి పూతను ఇనుము మీద సుమారు 750-850 డిగ్రీల కొలిమిలో కరిగించి అతికిస్తారు కాబట్టి పులుపు ఇనుమును తాకదు. కానీ డబ్బు తీసే ముందు అటక మీద అమ్మమ్మ నాటి రాచిప్ప ఉందేమో చూడండి. పులుసుకు రాచిప్ప గానీ మట్టిచట్టి గానీ ఇదే పని చేస్తాయి, వేడి కూడా నిలుపుతాయి. గ్యాస్ మీద వండేవాళ్లు పులుసు ఒక్కదాని కోసమే అయితే కొనక్కర్లేదని నా అభిప్రాయం. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్ల లెక్క వేరు. దాని మీద రాచిప్పా వేడెక్కదు, చట్టీ వేడెక్కదు. ఎనామిల్ గిన్నె లోపల ఇనుమే కాబట్టి చక్కగా వేడెక్కుతుంది.

ఒక్క మాట. రక్తం తక్కువగా ఉందని ఇనుప పాత్రలో వండుకుంటున్నవాళ్లు దాన్ని తీసేసి ఇది కొనొద్దు. గాజు పూత ఉన్నాక కూరలోకి ఇనుము రాదు.

సమస్య: ఏం వండినా అడుగంటుతోంది

కారణం సగం గిన్నె, సగం మంట. పలచటి స్టీలు గిన్నె కింద మంట పెద్దగా పెడితే మాడకేం చేస్తుంది? ఖరీదైన గిన్నె వస్తే ఇది పోతుందనుకుంటారు, అంత తేలిగ్గా పోదు. ఇనుము వేడిని అన్నివైపులకీ త్వరగా పంచదు. ఆ పనిలో అల్యూమినియం దానికంటే నాలుగైదు రెట్లు నయం. ఇనుము గొప్పతనమల్లా పట్టిన వేడిని వదలకపోవడం. అందుకని పెద్ద మంట పెడితే ఎనామిల్‌లోనూ బర్నర్ ఆకారంలో గుండ్రంగా మాడుతుంది.

పరిష్కారం: ముందు ఉన్న గిన్నెలోనే సన్నమంట మీద వండి చూడండి. అప్పటికీ అడుగంటితే అప్పుడు ఆలోచించవచ్చు. ఈ గిన్నె అసలు పనితనం నాటుకోడి పులుసులో తెలుస్తుంది. నూనె పోసి, సన్నమంట మీద ఐదారు నిమిషాలు వేడెక్కనిచ్చి, మసాలా వేగాక ముక్కలు వేసి, మూత పెట్టి గంటన్నర వదిలేయాలి. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలుగా మళ్లీ పులుసులోకే పడుతుంది. పొయ్యి కట్టేసిన తర్వాత కూడా కాసేపు అంచుల దగ్గర బుడబుడమంటూనే ఉంటుంది. కుక్కర్‌లో కూతలు పెట్టించి అరగంటలో ముగించేవాళ్లకు ఈ ఓపిక ఉండదు, వాళ్లు కొనడం దండగ.

సమస్య: సంగటి కెలికేటప్పుడు గిన్నె తిరిగిపోతోంది

కారణం గిన్నె తేలికగా ఉండటం. బరువు గిన్నె కదలదు, కట్టె తెడ్డుతో రెండు చేతులా కెలకవచ్చు. కానీ దించేటప్పుడు ఆ బరువే మన మీద పడుతుంది. ఐదు లీటర్ల గిన్నె మూతతో కలిపి సుమారు 5 కిలోలు, సంగటి అదనం. మా అత్తమ్మ మొదటిరోజే ఎత్తి చూసి, "ఇదేంది పాపా, తిరగలిరాయి మాదిరుందే!" అని పక్కన పెట్టేసింది. మణికట్టు నొప్పులున్న పెద్దవాళ్లు వంట చేసే ఇంట్లో అయితే నేను వద్దనే చెబుతాను.

సమస్య: కారం దోశలకు, పొడులు వేయించడానికి పనికొస్తుందా?

రాదు. పెద్దమంట మీద ఖాళీగా కాలితే పూతలో సన్నని నెర్రెలు వస్తాయి. వాటికి పాత పెనం, పాత మూకుడే మేలు.

సమస్య: కొన్నాక లోపల తెల్లటి పొర, పసుపు మరకలు, బూడిదరంగు గీతలు

తెల్లపొర బోరు నీళ్లలోని సున్నం. కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిస్తే పోతుంది. ఆ నీళ్లు మాత్రం గట్టు మీద ఒలకనీయకండి. మన కడప బండ సున్నపురాయే, పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. బూడిదరంగు గీతలు చాలావరకు గీతలు కావు, స్టీలు గరిటె రుద్దుకుని అంటిన మరకలు. తినేసోడా తడిపి మెత్తటి గుడ్డతో రుద్దండి, ఇకమీద కట్టె గరిటె వాడండి. పసుపు మరకలకూ, మాడుకూ నీళ్లలో రెండు చెంచాల సోడా వేసి పది నిమిషాలు మరగనిస్తే చాలు. స్టీలు పీచు పెట్టొద్దు.

సమస్య: పూత పెచ్చు ఊడింది

రెండు కారణాలు: దెబ్బ తగలడం, లేదా కాలుతున్న గిన్నెను కుళాయి కింద పెట్టడం. చన్నీళ్లు పడగానే గాజు ఒకలా, ఇనుము ఒకలా ముడుచుకుంటాయి, పూత పగులుతుంది. లోపలివైపు ఊడితే ఆ గిన్నెలో వంట ఆపేయాలి, ఎందుకంటే తర్వాత ఊడేది గాజుముక్క, అది కూరలో పడుతుంది. ఇత్తడి గిన్నెకు కళాయి పోతే మళ్లీ వేయించుకుంటాం. దీన్ని కొలిమిలో కాల్చాలి, అది మన బజారులో అయ్యే పని కాదు. కొనేముందు తేల్చుకోవాల్సింది ఇదే.

అందుకే అంగట్లోనే లోపలంతా వేలితో తడిమి చూడండి, వెలుతురుకు పట్టి నెర్రెలున్నాయేమో చూడండి. లోపలున్నది మందపాటి పోత ఇనుమేనా అని తేల్చుకోవడానికి అయస్కాంతం పెట్టి లాభం లేదు, పింగాణీ పూసిన పలచటి రేకు గిన్నెకూ అంటుకుంటుంది. చేత్తో ఎత్తి బరువు చూడాల్సిందే. 1925లో ఫ్రాన్స్‌లో మొదలైన లె క్రూసే లాంటి బ్రాండ్ల ధర చూసి బెదిరిపోకండి, మన దేశంలో తయారయ్యేవి అందులో కొద్ది వంతుకే దొరుకుతాయి.

మా గిన్నెకు మూడో నెలలోనే, సింకులోంచి తీస్తుంటే బండ అంచు తగిలి, బయట పిడి పక్కన గోరంత పెచ్చు ఊడింది. బయటి దెబ్బ కాబట్టి వాడుతున్నాం. కడిగిన వెంటనే అక్కడ తడి లేకుండా తుడిచి, ఒక్క చుక్క చెనక్కాయ నూనె రాస్తే తుప్పు రావడం లేదు. ఆ నూనె రాసే పని ఇప్పుడు అత్తమ్మదే.