పుట్టుకలోనే కాలర్‌బోన్ విరిగిన బిడ్డకు జుబ్బా తొడగడం ఎలా?

కాన్పులో బిడ్డకు ఎముక విరిగిందంటే ఎక్కువసార్లు అది కాలర్‌బోనే, మెడకీ భుజానికీ మధ్య ఉండే సన్నటి ఎముక. బిడ్డ నాలుగు కిలోలు దాటినా, తల్లికి షుగర్ ఉండి బిడ్డ భుజాలు వెడల్పయినా, తల బయటికొచ్చాక భుజం ఇరుక్కోవచ్చు. అప్పుడు నిమిషాల్లో తీయకపోతే ప్రాణానికే ముప్పు, అందుకని డాక్టరమ్మను వార్డులో నిలబడి తిట్టే బంధువులు కాస్త ఆగాలి. మామూలు కాన్పులోనూ, అరుదుగా సిజేరియన్‌లోనూ విరగొచ్చు. రెండు మూడు వారాల్లో దానంతట అదే అతుక్కుంటుంది.

ముందువైపు పూర్తిగా తెరుచుకునే నూలు జుబ్బాలు, రెండు పిన్నీసులు, పాత చీర ముక్కలు చాలు. తలమీంచి తొడిగేవి ఎవరెంత ఖరీదు పెట్టి తెచ్చినా బీరువాలో పడేయండి.

ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి తల, మెడ కింద, రెండోది పిరుదుల కింద. చంకల్లో చేతులు పెట్టి ఎత్తొద్దు. పాలిచ్చేటప్పుడు దెబ్బ తగిలిన వైపు పైకి ఉండాలి.

ఇక జుబ్బా. అందరూ పాడుచేసేది ఇక్కడే. తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర. బాగున్న చేతికి ముందు తొడిగేస్తే జుబ్బాలో సందు మిగలదు, ఇక రెండో చేతిని వెనక్కి విరిచి దూర్చాల్సిందే, బిడ్డ కేక పెడుతుంది, పక్కనున్నవాళ్ళు ఆకలేమో అంటారు. అందుకని జుబ్బాను మంచం మీద పరిచి దాని మీద బిడ్డను పడుకోబెట్టండి. జుబ్బా చేతి చివరి నుంచి మీ వేళ్ళు లోపలికి పోనిచ్చి, ఆ గుడ్డంతా మడతలుగా వేళ్ళ మీదికి ఎక్కించుకుని, బిడ్డ పిడికిలిని మెల్లగా అందుకోండి. తరవాత గుడ్డను భుజం దాకా జరపాలి. గుడ్డే కదలాలి, బిడ్డ చెయ్యి ఉన్నచోటే ఉండాలి. ఎంత తొందరున్నా ఈ పని ఫోన్ మాట్లాడుతూ చేయొద్దు.

తొడిగాక మోచెయ్యి మడిచి, అరచెయ్యి రొమ్ము మీద ఉండేలా జుబ్బా చేతిని ముందు భాగానికి పిన్నీసుతో గుచ్చాలి, మీ వేలు బిడ్డ ఒంటికీ పిన్నీసుకీ మధ్య పెట్టుకుని. డాక్టర్ వద్దంటే తప్ప ఇది మానొద్దు. బిగించి కట్టు కట్టడం కన్నా ఇదే నయం, బిడ్డకు ఊపిరి ఆడుతుంది, ఒళ్ళు ఒరుసుకోదు. మన నెల్లూరు వైపు ఎముక అనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది, పెద్దవాళ్ళ సంగతి మీ ఇష్టం, వారం బిడ్డను బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్ళడం మాత్రం నేనొప్పుకోను.

నీళ్ళు పోసే అవ్వకు మూడు వారాలు సెలవివ్వండి. సున్నిపిండితో రుద్ది, రెండు చేతులూ అడ్డంగా సాగదీసి, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తందే ఆమెకు తృప్తి ఉండదు. తడిగుడ్డతో తుడిస్తే బిడ్డకేం మురికి పట్టదు.

వారం పది రోజులకు ఆ ఎముక మీద గట్టి గడ్డ చేతికి తగులుతుంది. అది కొత్తగా కడుతున్న ఎముక. నూనె రాసి నలిపారో, బాగున్నదాన్ని చెడగొట్టినట్టే. నెలలు గడిస్తే అదే పోతుంది. బిడ్డ మోచెయ్యిగానీ వేళ్ళుగానీ కదపకపోయినా, చెయ్యి వేలాడేసినా మాత్రం నరం దెబ్బతిని ఉండొచ్చు, వెంటనే చూపించండి.

కాన్పైన కొన్ని వారాల తరవాత ఇంట్లో ఉండగా ఇంకో ఎముక విరిగితే మాత్రం అది వేరే లెక్క. నెలలు నిండక పుట్టిన బిడ్డల ఎముకలు బలహీనంగా ఉంటాయి, పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు ఒకటుంది, అందులో కొందరి కనుగుడ్డు తెలుపు నీలంగా కనిపిస్తుంది. మోటుగా పట్టుకున్న చెయ్యి కూడా కారణం కావచ్చు. డాక్టర్ ఇంట్లో అందరి గురించీ అడుగుతారు. కోపం తెచ్చుకోకుండా, ఉయ్యాల తగిలిందని కథ చెప్పకుండా, జరిగింది జరిగినట్టు చెప్పండి.