చెక్క ఓడకు పెట్టిన ఇత్తడి ఊడకుండా ఉండాలంటే

చెక్కతో చిన్న నమూనా ఓడలు చేసేవాళ్లు ఇత్తడి ముక్కలు బిగించే దశకు రాగానే ఏ జిగురు మంచిదని అడుగుతారు. నేనైతే ముందు సన్నటి డ్రిల్ బిట్ కొనమంటాను. శ్రీకాకుళంలో మా ఇంట్లో చేసిన మొదటి ఓడకి చుక్కాని కీళ్లు ఇన్‌స్టంట్ గమ్‌తో అతికించాను. ఆ రోజు రాయిలా పట్టాయి, వానాకాలం దాటేసరికి ఒక్కొక్కటే ఊడి చేతిలోకొచ్చాయి. చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, అదీ నారకి అడ్డంగా ఎక్కువ. ఇత్తడికి ఆ తేమ పట్టదు. మధ్యలో ఉన్న గమ్ పొరేమో పెళుసు, లాగులాటకి చిట్లిపోతుంది. మనది సముద్రపు గాలి తగిలే జిల్లా కాబట్టి ఇంకా జాగ్రత్త.

అందుకే బరువు మోసే ప్రతి ముక్కకీ పిన్ పెట్టండి. 0.8 మి.మీ. ఇత్తడి తీగని చిన్నగా కత్తిరించి ముక్క వెనక టంకం వేయండి, చెక్కలో 1 మి.మీ. రంధ్రం 5 మి.మీ. లోతుకి చేయండి, ఆ కాస్త ఖాళీలోనే జిగురు నిలుస్తుంది. టంకం పని జిగురుకి ముందే అయిపోవాలి, తర్వాత వేడి తగిలితే జిగురు మెత్తబడి వదిలేస్తుంది.

ఇక శుభ్రం. బుడితి ఇత్తడి చెంబుని తోమినట్టు చింతపండుతో తోమండి, కానీ ఆ పులుపు, టంకం పేస్టు మిగలకుండా సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టాలి. అతికే వైపు 220 నంబరు ఎమరీ పేపర్‌తో అడ్డదిడ్డంగా గీకి, స్పిరిట్ దూదితో తుడిచాక ఇక వేలు తగలనివ్వకండి, వేలి జిడ్డు చాలు పట్టు పోవడానికి. చెక్క మీద వార్నిష్ ఉంటే అక్కడివరకు గీకేయండి. టేకు అయితే దానిలోనే నూనె ఉంటుంది, దాన్నీ స్పిరిట్‌తో తుడవాలి.

జిగురుకి నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ, అరాల్డైట్ లాంటిది. రెండు ట్యూబుల నుంచీ సమానంగా తీసి రంగు ఒకటయ్యేదాకా కలపండి. అగరబత్తి పుల్ల కొనతో రంధ్రంలోకి ఒక చుక్క దించి, పిన్‌కి కూడా పూసి, మెల్లగా తిప్పుతూ దించేయండి. గట్టిగా నొక్కితే జిగురంతా బయటికొచ్చి లోపల ఏమీ మిగలదు. అంచున పొంగినదాన్ని వెంటనే స్పిరిట్‌తో తుడిచి, ఒక రోజు ముట్టుకోకండి. తెల్ల ఫెవికాల్ మాత్రం వద్దు, అందులోని నీరు చెక్కలోకి ఇంకాలి, లోహంలోకి ఇంకదుగా.

ఓడ అడుగున రాగి రేకులు వేస్తున్నారా? బ్రిటిష్ నౌకాదళం 1761లో హెచ్‌ఎంఎస్ అలారమ్ అనే యుద్ధనౌకకి చెక్కని తొలిచే పురుగుల బెడదకే రాగి తొడిగింది. చిన్న రేకులకి పిన్ అక్కర్లేదు, రబ్బరు జిగురు రెండు వైపులా పూసి, వేలికి అంటనంతగా ఆరాక అద్దండి. అద్దాక జరపడం కుదరదు, అందుకే పెన్సిల్ గీతలు ముందే గీసుకుని వెనక చుక్కాని దగ్గర కింది వరుస నుంచి మొదలుపెట్టండి.