నూనె కరువైనప్పుడు కిరాణా కొట్లకు సరుకు పంచే లెక్క

యుద్ధం ఎక్కడ జరిగినా దెబ్బ హైదరాబాద్ బేగంబజార్‌లో తెలుస్తుంది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తగానే మనకు సన్‌ఫ్లవర్ నూనె రాక తగ్గిపోయింది. ఏప్రిల్ 28న ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు ఆపేసి, మే 23 దాకా తిరిగి తెరవలేదు. అలాంటి రోజుల్లో హోల్‌సేలర్ దగ్గరున్న కాస్త సరుకూ ముందుగా ఫోన్ చేసినవాళ్లకూ, రొక్కం చేతిలో పెట్టినవాళ్లకూ వెళ్లిపోతుంది. బోరబండలోనో యాకుత్‌పురాలోనో ఉన్న గల్లీ కొట్టుకు ఏమీ మిగలదు. ఏ రోజు కూలితో ఆ రోజు నూనె కొనుక్కునేవాళ్లు నడిచి వెళ్లేది ఆ కొట్టుకే. అందుకే పంపకం లెక్క చిన్న కొట్టు దగ్గర మొదలవ్వాలి.

ముందు గోదాంలో ఉన్నదెంతో చూడండి. కాకినాడ నుంచో కృష్ణపట్నం నుంచో లోడు బయల్దేరిందన్న కబురును సరుకు కింద రాసుకోవద్దు. లారీ వచ్చి, హమాలీలు బాక్సులు దించి, కారిన ప్యాకెట్లు పక్కన పెట్టాక మిగిలిందే లెక్క. అందులో పదో వంతు కదపకుండా ఉంచండి. వచ్చే లోడు వారం ఆలస్యమైనా, ఏదైనా బస్తీలో సరుకు పూర్తిగా అయిపోయినా అక్కరకొచ్చేది అదే.

తర్వాత, ఏ కొట్టు మామూలుగా ఎంత తీసుకుంటుందో తేల్చాలి. కరువు మొదలవడానికి ముందు మూడు నెలల బిల్లులు తీసి వారం సగటు కట్టండి. భయంతో ఎగబడి కొన్న వారాలను, దసరా, సంక్రాంతి, రంజాన్ వారాలను వదిలేయండి. వాటిని కలిపితే దాచుకున్నవాడి వాటా పెరుగుతుంది. కొత్తగా తెరిచిన కొట్టుకు పాత బిల్లులుండవు కాబట్టి, అదే వీధిలో అంతే సైజున్న కొట్టు సగటు ఇవ్వండి. ఒకే ఇంటివాళ్లు భార్య పేరునొకటి, తమ్ముడి పేరునొకటి బిల్లులు పెట్టి ఒకే షట్టర్‌లో అమ్ముతుంటే దాన్ని ఒక్క కొట్టుగానే చూడాలి.

ఇక అసలు లెక్క. లీటరు ప్యాకెట్లు పదేసి ఉండే బాక్సులు 1,440 ఉన్నాయనీ, తర్వాతి లోడు నాలుగు వారాలకు గానీ రాదనీ అనుకుందాం. పదో వంతు, అంటే 144 తీసేస్తే 1,296. వారానికి 324. మీ దగ్గర కొనే కొట్లు 120. వాటిలో వారానికి 2 బాక్సులు తీసుకునే చిన్నవి 80, 8 తీసుకునేవి 30, 20 తీసుకునేవి 10. మామూలు వారంలో మొత్తం 600 పోతాయి. 324ని 600తో భాగిస్తే 54 శాతం. చాలామంది ఇక్కడే ఆగి అందరికీ 54 శాతం రాసేస్తారు. అప్పుడు 2 బాక్సుల కొట్టుకు ఒకటి వస్తుంది సరే, వారానికి ఒక్క బాక్సే తీసుకునే కొట్టు కూడా ఉంటే దానికి అర బాక్సు వస్తుంది. అర బాక్సు ఎవరూ పంపరు కాబట్టి ఆ గడిలో సున్నా పడుతుంది.

దానికి విరుగుడు ఇది. ముందు ప్రతి కొట్టుకూ ఒక బాక్సు రాసేయండి: 120 పోగా 204 మిగిలాయి. మామూలు కొనుగోలు 600లోంచి కూడా ఆ 120 తీసేస్తే 480. 204ను 480తో భాగిస్తే 0.425. ఒకటి పోగా 8 బాక్సుల కొట్టుకు మిగిలిన 7ను దీంతో గుణిస్తే దాదాపు 3; మొత్తం 4. అలాగే 20 బాక్సుల కొట్టుకు 9. చిన్న కొట్లకు తలా ఒకటి. ఇంతవరకూ 290 అయ్యాయి. మిగిలిన 34 చిన్న కొట్లకే వంతులవారీగా రెండో బాక్సుగా వెళ్లాలి: ఈ వారం 34 కొట్లకు, వచ్చే వారం ఇంకో 34 కొట్లకు, మూడో వారం మిగతా 12 ఇచ్చి మళ్లీ మొదటి నుంచి. పెద్ద కొట్టుకు సగం కంటే తక్కువే వస్తుంది. కానీ వాళ్లకు నాలుగైదు చోట్ల కొనే దారి ఉంటుంది, గల్లీ కొట్టుకు మీరొక్కరే దిక్కు. ఈ లెక్క కాగితం మీద రాసి కౌంటర్ పక్కన అంటించండి. తన వాటా ఎంతో, పక్కవాడిదెంతో ప్రతి కొట్టువాడికీ కనబడితే గొడవలు సగం తగ్గుతాయి.

పాత ఎంఆర్‌పీ లాటు, కొత్త ఎంఆర్‌పీ లాటు రెండూ ఉంటే ప్రతి కొట్టుకూ రెండూ ఒకే పాళ్లలో కలిపి ఇవ్వాలి. లేకపోతే చవక లాటు పెద్ద కొట్లకు చేరి, చిన్న కొట్టు ముందు జనం రేటు గురించి తగాదా పడతారు.

ప్రతి బాక్సు మీదా, మూతలు రెండింటి మీదా, నల్ల మార్కర్‌తో కొట్టు నంబరు, తేదీ రాయండి. ఒక్క మూత మీదే రాస్తే దాన్ని చింపేసి వేరేవాళ్లకు అమ్మేస్తారు. 47వ నంబరు బాక్సు ఏ మిర్చీ బజ్జీ బండి దగ్గరో కనబడితే సరుకు ఎక్కడ దారి తప్పిందో తెలుస్తుంది. హోటళ్లకు, హాస్టళ్లకు, కర్రీ పాయింట్లకు 15 కిలోల డబ్బాలతో వేరే లెక్క పెట్టండి. ప్యాకెట్ల వాటా అటు మళ్లించకండి, రంజాన్ నెలలో మరీను.

ఒక్కో రూటుకు ఒక్కో రోజు ఖాయం చేసి ట్రాలీ ఆటోలో పంపండి. గోదాం ముందు వరుస కట్టిస్తే కొట్టు మూసుకుని రాలేని ఒంటరి మనిషి నష్టపోతాడు. పాత ఉద్దెర బాకీ వేరు, ఈ వారం వాటా వేరు. సరుకుకు రొక్కం అడగొచ్చు గానీ బాకీ పేరు చెప్పి వాటా కోయకూడదు. నూనె కావాలంటే కదలని సబ్బుల బాక్సు కూడా తీసుకోవాలని మెలిక పెట్టడం చిన్న కొట్టు మెడకు ఉరే. తీసుకోని వాటాను వచ్చే వారానికి కలపొద్దు, నిల్వలోకి వేసుకోండి.

ప్రభుత్వం నిల్వ పరిమితి పెట్టిందేమో రోజూ చూసుకోండి. 2022 ఫిబ్రవరి ఉత్తర్వులో వంట నూనెలకు హోల్‌సేలర్‌కు 500 క్వింటాళ్లు, చిల్లర దుకాణానికి 30 క్వింటాళ్లు అని ఉండేది. ప్యాకెట్‌కు 910 గ్రాముల చొప్పున పై 1,440 బాక్సులు దాదాపు 131 క్వింటాళ్లు. పరిమితి దాటితే నిత్యావసర సరుకుల చట్టం కింద సరుకు జప్తవుతుంది, జైలు కూడా పడొచ్చు.

లోడ్లు మళ్లీ మొదలయ్యాక కోటా ఒక్కసారిగా ఎత్తేయకండి. ఆకలిగా ఉన్న పెద్ద కొట్లు మొదటి లారీని ఖాళీ చేసేస్తాయి. పంపే మొత్తాన్ని మామూలులో 54 శాతం నుంచి 70కి, తర్వాత 90కి పెంచండి. వరుసగా రెండు లోడ్లు చెప్పిన రోజుకు దిగాక పెద్ద కొట్లకు హద్దు తీసేయండి. కొట్టుకొక బాక్సు అన్న నియమాన్ని మాత్రం చివరిదాకా ఉంచండి.