ఎలుకను మోకు మీదే ఆపాలి

ఓడలోకి ఎలుక ఎక్కాక పట్టుకోవడం కంటే ఎక్కకుండా చూడటమే సులువు. సరంగుగా పనిచేసిన నేను కొత్త కళాసీలకు మొట్టమొదట నేర్పిన పని అదే. గట్టుకు మోకులు బిగించామంటే ఎలుకకు వంతెన వేసినట్టే. అందులోనూ నల్ల ఎలుక తాడెక్కడంలో దిట్ట.

మోకు బిగిసిన వెంటనే ర్యాట్ గార్డులు తగిలించండి. ఇది చీలిక పెట్టిన గుండ్రటి రేకు. వెడల్పు 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు. గట్టు మీంచి గెంతి దాటకుండా 2 మీటర్లైనా ఎడం ఉండాలి. చాలామంది ఇంతటితో పనైపోయిందనుకుంటారు. దగ్గరికెళ్లి చూడండి, మోకు చుట్టూ సందు కనిపిస్తుంది. అందులో పాత గుడ్డ కుక్కి, రేకు వాలిపోకుండా సన్నతాడుతో కట్టాలి. పోటు వచ్చి ఓడ లేచినప్పుడు మోకు బిగుస్తుంది, పాటుకు వదులవుతుంది, రేకు జారుతుంది. అందుకే నీరు మారినప్పుడల్లా వెళ్లి సర్దాలి. పక్కపక్కనున్న మోకుల్లో ఒక్కదాన్ని వదిలేసినా మిగతా రేకులన్నీ దండగే.

రాత్రి పని లేకపోతే గ్యాంగ్‌వే (గట్టు నుంచి ఓడెక్కే దారి) ఎత్తేయండి, కుదరకపోతే అక్కడ దీపం వెలగనివ్వండి. సరుకు దించే వలలు వేలాడుతూ వదలొద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? 1918లో మకాంబో అనే ఓడ ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ దీవి దగ్గర మెరకెక్కింది. అందులోంచి దిగిన నల్ల ఎలుకలు, ఆ దీవిలో తప్ప మరెక్కడా లేని ఐదు రకాల పక్షుల్ని కొన్నేళ్లలోనే తుడిచిపెట్టాయి. ఒక్క ఓడ చేసిన నష్టం అది. దీవంతటా ఎలుకల్ని నిర్మూలించే పనికి 2019లో గానీ దిగలేకపోయారు.

ఇక ఓడలో ఎలుక ఉందని అనుమానమొస్తే పెంటికలు చూడండి. మెత్తగా, మెరుస్తూ ఉంటే తాజావి. గొట్టాల వెంబడి నల్లటి జిడ్డు చార ఉంటే అది రోజూ తిరిగే దారి. సాయంత్రం అక్కడ పౌడరు చల్లితే పొద్దునకు పాదాల గుర్తులు, తోక ఈడ్చిన గీత పడతాయి. బోను అక్కడే, గోడకు ఆనించి పెట్టండి. కొత్త వస్తువంటే ఎలుకకు బెదురు కాబట్టి, మొదటి కొన్ని రాత్రులు బిగించకుండా ఎర మాత్రమే ఉంచాలి. విషం నాకు నచ్చదు. తిన్న ఎలుక ఏ చెక్క పలకల వెనకో చస్తే, కంపు కొడుతుందే తప్ప కళేబరం దొరకదు. పూర్వం గంధకం పొగ, సైనైడ్ వాయువు పెట్టేవారు. సైనైడ్‌తో మనుషుల ప్రాణాలకూ ముప్పే.

బోనూ విషమూ లేకుండానే ఎలుక చచ్చి పడుంటే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. ప్లేగు ఎలుక నుంచి మనిషికి, దాని ఒంటి మీద రక్తం తాగి బతికే గోమార్ల (ఫ్లీ) వల్ల సోకుతుందని 1898లో ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమోన్ చూపించాడు. చచ్చిన ఎలుక ఒళ్లు చల్లారగానే అవి వేరే ఒంటి కోసం బయల్దేరతాయి. వెంటనే కెప్టెన్‌కు చెప్పండి. రేవు ఆరోగ్య అధికారికి కబురు చేయడం ఆయన పని. ఓడ పారిశుద్ధ్య సర్టిఫికెట్ గడువు 6 నెలలే, దాని తేదీ కూడా అప్పుడే చూసుకోమనండి.