.22 రైఫిల్‌కి స్టాక్ మార్చారా? స్కోపు క్లిక్కులు తిప్పే ముందు ఇవి చూసుకోండి

స్టాక్ (బారెల్, యాక్షన్ కూర్చునే చెక్క లేదా ప్లాస్టిక్ చట్రం) మార్చిన .22 రైఫిల్ తూటాని పాత చోట వెయ్యదు. అది మామూలే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మొదటి అయిదు షాట్లు చూసి వెంటనే స్కోపు తిప్పెయ్యడంలో. గ్రూపు, అంటే టార్గెట్ మీద షాట్లు పడ్డ గుంపు, ఎంత జరిగిందో తర్వాత చూడొచ్చు, దాని ఆకారం మారిందేమో ముందు చూడాలి.

స్టాండర్డ్ వెలాసిటీ .22 తూటా వేగం సెకనుకి సుమారు 325 మీటర్లు. పొడవాటి మ్యాచ్ బారెల్ దాటడానికి దానికి రెండు మిల్లీసెకన్లకి పైనే పడుతుంది. ఈలోపే రైఫిల్ వెనక్కి కదలడం మొదలుపెడుతుంది. బట్ (స్టాక్ వెనక చివర) ఎత్తు, స్టాక్ బరువు, భుజానికి ఆనే చోటు మారితే ఆ కదలిక దారి కూడా మారుతుంది. స్క్రూ బిగింపుకి యాక్షన్ (బోల్ట్ ఉండే లోహపు భాగం) వంగినా, ఫోరెండ్ (బారెల్ కిందుండే స్టాక్ ముందు భాగం) బారెల్‌ని తాకినా గురి జరుగుతుంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మి.మీ. మాత్రమే. సరిగ్గా మధ్యలో పడాల్సిన షాట్ 15 మి.మీ. జరిగితే తొమ్మిదే వస్తుంది.

పాత స్టాక్ విప్పకముందే ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలతో పది షాట్ల గ్రూపులు రెండు వేసి, మధ్యబిందువు ఎక్కడుందో రాసిపెట్టుకోండి. మ్యాగజైన్, బోల్ట్ తీసి, ఛాంబర్‌లోకి కంటితోనూ వేలితోనూ చూసి, అప్పుడు విప్పండి. యాక్షన్‌ని స్టాక్‌కి పట్టి ఉంచే ముందు స్క్రూ, వెనక స్క్రూ పొడవులు వేరుగా ఉండొచ్చు. పొడవుది ముందు వేస్తే బోల్ట్‌కి తగలవచ్చు కాబట్టి గుర్తు పెట్టుకోండి.

కొత్త స్టాక్‌లో యాక్షన్ తనంతట తాను కూర్చోవాలి. అరచేత్తో నొక్కాల్సి వస్తే ఇన్‌లెటింగ్ (యాక్షన్ కోసం స్టాక్‌లో తొలిచిన గాడి) ఎక్కడో పట్టేస్తోందన్నమాట. రైఫిల్‌ని బట్ మీద నిలబెట్టి, రికాయిల్ లగ్ (వెనకతన్నుని స్టాక్‌కి అందించే లోహపు దిమ్మ) వెనక్కి ఆనేలా మెల్లగా తట్టండి. స్క్రూలు రెండూ ముందు వేళ్ళతో, తర్వాత టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే రెంచ్) ఒకటి మార్చి ఒకటి బిగించండి. కంపెనీ చెప్పిన టార్క్ ఉంటే అదే వాడండి. లేకపోతే పిల్లర్లు (స్క్రూ రంధ్రాల్లో ఉండే లోహపు గొట్టాలు) లేని చెక్క స్టాక్‌కి 2 నుంచి 2.5 న్యూటన్ మీటర్లతో మొదలుపెట్టడం క్షేమం. అల్యూమినియం పిల్లర్లుంటే 4 దాకా వెళ్ళొచ్చు. వట్టి చెక్క మీద ఎక్కువ బిగిస్తే అది నొక్కుకుపోతుంది, వారంలో స్క్రూ మళ్ళీ వదులవుతుంది.

డయల్ గేజ్ (చిన్న కదలికల్ని ముల్లుతో చూపే కొలత పరికరం) ఉంటే బారెల్‌కి బిగించి, దాని మొన ఫోరెండ్ మీద ఆనించండి. ముందు స్క్రూ మెల్లగా వదులు చేస్తుండగా ముల్లు 0.05 మి.మీ. కంటే ఎక్కువ కదిలితే యాక్షన్ ఒత్తిడిలో ఉన్నట్టే. దానికి మందు బెడ్డింగ్ (యాక్షన్ సమంగా ఆనేలా స్టాక్‌లో అచ్చు పొయ్యడం), స్కోపు క్లిక్కులు కాదు. ఆ పని లైసెన్సున్న గన్‌స్మిత్‌కే అప్పగించండి. బారెల్ కింద నాలుగు మడతల పది రూపాయల నోటు ఫోరెండ్ చివరి నుంచి యాక్షన్ దగ్గరిదాకా ఎక్కడా పట్టకుండా జారాలి.

ఈ నోటు పరీక్ష స్లింగ్ (చేతికీ రైఫిల్‌కీ కలిపి కట్టే పట్టీ) బిగించి, ప్రోన్‌లో బోర్లా పడుకుని, ఖాళీ రైఫిల్‌తో మళ్ళీ చెయ్యండి. ప్లాస్టిక్ ఫోరెండ్ స్లింగ్ లాగుడుకి పక్కకి వంగి బారెల్‌ని తాకొచ్చు. బెంచ్ మీద చక్కగా ఉన్న గ్రూపు మ్యాచ్‌లో పక్కకి ఎందుకు పోయిందో అక్కడ తెలుస్తుంది.

రేంజ్‌లో మొదటి 20, 30 షాట్లు కుదురుకోవడానికి వదిలెయ్యండి. తర్వాత మళ్ళీ పది షాట్ల గ్రూపులు రెండు. గ్రూపు పరిమాణం పాతదే ఉండి మధ్యబిందువు ఒక్కటే జరిగితే సంతోషం, ఇప్పుడు స్కోపు తిప్పండి. ఎనిమిదో వంతు మినిట్ (మినిట్ అంటే డిగ్రీలో 60వ వంతు) క్లిక్కు 50 మీటర్ల దగ్గర 1.8 మి.మీ. జరుపుతుంది. గ్రూపు రెండు గుంపులుగా చీలితే ముందు స్క్రూలు, బెడ్డింగ్ చూడండి. బారెల్ వేడెక్కేకొద్దీ షాట్లు ఒకే వైపు పాకితే ఫోరెండ్ ఎక్కడో తగులుతూ ఉండొచ్చు. టార్క్‌ని అర న్యూటన్ మీటర్ చొప్పున మార్చి చూడొచ్చు, కానీ ఒకసారికి ఒక్క స్క్రూనే.

చెన్నైలో చెక్క స్టాక్ వాడేవాళ్ళకి ఇంకో మాట. అక్టోబరు, డిసెంబరు మధ్య వానల్లో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. బయట ఎంత పాలిష్ ఉన్నా, బారెల్ కాలువ లోపల, స్క్రూ రంధ్రాల్లో పూత లేని చెక్క మిగిలి ఉండొచ్చు. అక్కడ పల్చగా వార్నిష్ పూయండి. బెంగళూరులో మ్యాచ్‌కి వెళ్తే అక్కడి పొడిగాలికి చెక్క కాస్త ముడుచుకుంటుంది. స్క్రూ తలకీ స్టాక్‌కీ కలిపి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీసుంటే, స్క్రూ తిరిగిందో లేదో చూడగానే తెలుస్తుంది. గీత కదలకపోయినా బిగింపు తగ్గి ఉండొచ్చు కాబట్టి, సైటింగ్ షాట్లకి (గురి సరిచూసుకునే షాట్లు) ముందు రెంచ్ ఒకసారి పెట్టి చూడండి.