6/8ను ఆరుగా లెక్కపెట్టడం ఎలా మాన్పించాను

ఏడో తరగతి పిల్లలకు కీబోర్డు నేర్పుతూ 6/8 అనే టైమ్ సిగ్నేచర్ (పాశ్చాత్య సంగీతంలో లయను తెలిపే గుర్తు) దగ్గర రెండు వారాలు ఆగిపోయాను. పై అంకెను చూసి వాళ్లు ఒకటి నుంచి ఆరు వరకు సమానంగా లెక్కపెట్టడంతో పాటలో ఊపు పోయేది. 3/4లోనూ ఆరు క్వేవర్లే (6/8లో లెక్కపెట్టే చిన్న స్వరాలు) పడతాయి గనుక తేడా ఏమిటని అడిగేవారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పై అంకె దెబ్బల సంఖ్యను చెబుతుందని సింపుల్ టైమ్ (దెబ్బను రెండుగా విభజించే లయ) పాఠంలో చెప్పిన నేను, కాంపౌండ్ టైమ్‌లో (దెబ్బను మూడుగా విభజించే లయలో) ఆ సూత్రం చెల్లదని చెప్పనేలేదు.

తరువాతి తరగతిలో పుస్తకాలు మూయించి, అందరినీ నిలబెట్టి, నిదానంగా అడుగులు వేయిస్తూ అడుగుకొక "తకిట" పలికించాను. రెండడుగులకు ఆరు అక్షరాలు పడ్డాయి. అక్షరాల వేగం మార్చకుండా "తక తక తక" అనిపించి, ప్రతి "త" మీద చప్పట్లు కొట్టించాను. అక్షరాలు అవే ఆరు, దెబ్బలు మాత్రం మూడు. మొదటిది 6/8, రెండవది 3/4 అని బోర్డు మీద రాయగానే, మృదంగం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి "ఇది తిస్ర గతి కదండీ!" అన్నది. కర్ణాటక తాళానికి అంగాల (తాళంలోని భాగాల) లెక్క వేరే ఉన్నా, దెబ్బను మూడుగా విభజించే పని మాత్రం అదే.

ఆ తరువాతే చుక్క పెట్టిన క్రోచెట్‌ను (మూడు క్వేవర్ల నిడివి గల స్వరాన్ని) చూపించాను. మెట్రోనోమ్‌ను (లయ కొట్టే యంత్రాన్ని) నిమిషానికి క్వేవర్‌కు 150గా కాక, చుక్క క్రోచెట్‌కు 50గా పెట్టాను. వేగం ఒకటే అయినా చెవికి రెండే దెబ్బలు వినబడతాయి. దెబ్బను ఇలాగే మూడుగా విభజించే 9/8, 12/8లకు ఒక్క పూటే పట్టింది. క్రోచెట్ (రెండు క్వేవర్ల నిడివి) వెంట క్వేవర్ వచ్చే చోట ఇంకా తడబడుతున్నారు గనుక, అక్కడ "తా-ట" అని సాగదీయించి సాధన చేయిస్తున్నాను.